తిరుపతిలో అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు కాబినెట్ మూత తీయించి చూడండి

‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్’. ఈ మూడు మాటలు విని ఎవరూ డబ్బు కట్టకండి. మూడూ అక్షరాలా నిజమైనా, పదేళ్లు దాటిన పాత కంప్యూటర్ మీ చేతికి రావచ్చు. మా ఇంట్లో అదే జరిగింది.

మా అక్క కూతురు తిరుపతిలో ఇంజనీరింగ్‌లో చేరింది. అక్కా బావా పలమనేరు దగ్గర ఆవులు పెట్టుకుని పాలు పోస్తారు. ఆ డబ్బులోంచి కూడబెట్టిన 28 వేల రూపాయలు పెట్టి తిరుపతిలోని ఒక దుకాణంలో విడిభాగాలు కూర్చి ఇచ్చే (అసెంబుల్డ్) కంప్యూటర్ కొన్నారు. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చిన కొత్త సరుకని, మూడేళ్ల వరకు ఢోకా లేదని దుకాణదారు చెప్పాడు. కాబినెట్ మాత్రం నిజంగానే కొత్తది. ముందు అద్దం, లోపల రంగుల లైట్లు. బిల్లులో ఉన్నది ఒకే వరుస: ‘కంప్యూటర్ సెట్ – 1’.

పాప ప్రోగ్రాములు పెట్టుకోగానే కంప్యూటర్ నత్తనడక నడవసాగింది. సెలవుల్లో ఇంటికి తెచ్చినప్పుడు నేను పక్క మూత తీసి చూశాను. ప్రాసెసర్ ఐ7-2600. ఇంటెల్ దాన్ని విడుదల చేసింది 2011 జనవరిలో. ‘ఐ7’ అని మాత్రమే చెప్పడం, బండి ఏ సంవత్సరపుదో దాచిపెట్టి కంపెనీ పేరు ఒక్కటే చెప్పి అమ్మడం లాంటిది. గీత తర్వాత వచ్చే అంకెల్లోనే అసలు సంగతి ఉంటుంది. 2600 అంటే రెండో తరం, 12100 అంటే పన్నెండో తరం. 2022లో వచ్చిన ఐ3-12100లోనూ ఈ ఐ7లో లాగే నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనులు) ఉన్నాయి. అయినా అది ఈ పాత ఐ7ను చాలా వెనక్కి నెట్టేస్తుంది, కరెంటూ తక్కువ తీసుకుంటుంది.

ప్రాసెసర్ పాతదైతే నష్టం దానితో ఆగదు. భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు కూడా ఆ తరానికి సరిపోయేదే వేయాలి. మాకు వేసింది హెచ్61 బోర్డు. దానిలో రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు తప్ప మరేవీ కూర్చోవు. ర్యామ్ 16 జీబీ ఉన్న మాట నిజమే, కానీ అది డీడీఆర్3 అనే పాత రకం. ఆ బోర్డుకు అంతకు మించి పెట్టే వీలు లేదు. రేపు కొత్త బోర్డు కొంటే ఈ ర్యామ్ దానికి పనికిరాదు, ఎందుకంటే డీడీఆర్4, డీడీఆర్5ల గాడి వేరే చోట ఉంటుంది. అంటే వేగం పెంచాలంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ మార్చాల్సిందే. ఇక మిగిలేది లైట్ల కాబినెట్టే.

హార్డ్ డిస్క్ చూశాక నాకు పట్టరాని కోపం వచ్చింది. అది సీసీ కెమెరాల రికార్డర్లకు వాడే రకం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో చూస్తే 38 వేల గంటలకు పైగా తిరిగినట్టు తేలింది. రాత్రీ పగలూ ఆగకుండా నాలుగేళ్లకు పైగా తిరిగిన డిస్క్ అన్నమాట. పిల్ల చదువంతా దాని మీదే దాచుకుంటుంది. (విండోస్‌లో 1 టీబీ డిస్క్ 931 జీబీ అని కనిపిస్తే అది మోసం కాదు, లెక్క కట్టే పద్ధతిలోని తేడా. దాని గురించి దుకాణంలో గొడవ పడకండి.) ఈ రోజుల్లో విండోస్ ఉండే డిస్క్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) కాకపోతే కొనవద్దనే నా సలహా. డేటా నిల్వకు హార్డ్ డిస్క్ విడిగా పెట్టుకోవచ్చు.

విండోస్ 11 కూడా దాని అర్హత తనిఖీలను తప్పించి ఎక్కించారు. మైక్రోసాఫ్ట్ నిబంధనల ప్రకారం ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ తర్వాతదో ఉండాలి, టీపీఎం 2.0 (భద్రతా చిప్) ఉండాలి. అవి లేని యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. పోనీ విండోస్ 10 వేసుకుందామంటే దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

పాత కంప్యూటర్ అమ్మడం తప్పేమీ కాదు. టైపింగుకూ బిల్లులు వేసుకోవడానికీ ఇది చాలు. పాతదని చెప్పి, పాతదానికి తగిన ధరకు ఇస్తే నేనే నలుగురికి చెబుతాను. కొత్తదని చెప్పి రైతు ఇంటి డబ్బు తీసుకోవడం మాత్రం అన్యాయం. అడిగితే దుకాణదారు ‘ఐ7 అన్నాం, ఐ7 ఇచ్చాం’ అని చేతులు దులుపుకున్నాడు.

కాబట్టి దుకాణంలోనే మూత తీయించండి. కంప్యూటర్ ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ భాగంలో ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ వేగం కనిపిస్తాయి. వేగం 1333 అనో 1600 అనో ఉంటే అది దాదాపుగా డీడీఆర్3 అనే అనుకోండి. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మీద కంపెనీ పేరు, 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నాయేమో చూడండి. మాకు ఇచ్చిన దాని మీద ‘450 వాట్స్’ అనే స్టిక్కర్ తప్ప ఇంకేమీ లేదు. కరెంటు హెచ్చుతగ్గులను మొదట తట్టుకోవాల్సింది ఆ భాగమే. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, డిస్క్, ఎస్‌ఎంపీఎస్‌ల మోడల్, సీరియల్ నంబర్లు జీఎస్టీ బిల్లులో విడివిడిగా రాయమనండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మేమూ చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు కనుక, చెన్నైలో కొన్నవాళ్లు కూడా చెన్నై వెళ్లనక్కరలేదు. బిల్లు సరిగా లేకపోయినా ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపు వివరాలు, దుకాణదారు పంపిన వాట్సాప్ కొటేషన్ చెరిపేయకుండా ఉంచుకోండి.