కోరింగ మడ అడవిలో ఒక పూట: చెక్కబాట, పడవ, వాటిని నడిపే మనుషులు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో సుమారు 18 కిలోమీటర్లు ప్రయాణిస్తే కోరింగ అభయారణ్యం చేరుకోవచ్చు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235.7 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో సందర్శకులకు అందుబాటులో ఉన్నది చాలా చిన్న భాగమే. మడ చెట్ల మధ్య నుంచి సాగే చెక్కబాట, పడవల రేవు, ఆటుపోట్లు అనుకూలిస్తే పాయలోకి ఒక పడవ ప్రయాణం, అంతే. అటవీ శాఖ ఆధ్వర్యంలో, చుట్టుపక్కల మత్స్యకార గ్రామాలవారు సభ్యులుగా ఉన్న పర్యావరణాభివృద్ధి కమిటీ ఈ ఏర్పాట్లు చూసుకుంటుంది. జువాలజీ అధ్యాపకురాలిగా నేను విద్యార్థులను వెంటబెట్టుకుని ఇక్కడికి చాలాసార్లు వచ్చాను. ఈసారి మాత్రం మా అన్నయ్య కూతురొక్కతే నాతో వచ్చింది. ఎంఎస్సీ పూర్తి చేసిన మా మేనకోడలు వన్యప్రాణుల పరిరక్షణ రంగంలోనే స్థిరపడతానని పట్టుబట్టి కూర్చుంది. ఆ రంగంలో ఉన్నవాళ్లకు తెల్లవారితే ఏం పని ఉంటుందో, ఏ వయసుకు ఎంత సంపాదిస్తారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కాబట్టి ఈ చెక్కబాటను, పడవను విహారయాత్రగా ఎలా ఉన్నాయన్న దృష్టితో కాక, ఆ పని చేసే మనుషులను దగ్గరగా చూడటానికి ఎంతవరకు పనికివస్తాయన్న దృష్టితోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

కార్తీకమాసంలో ఒక మంగళవారం ఉదయం వెళ్లాం. ఆదివారాల్లో వనభోజనాల జనం ఎక్కువగా ఉంటారు కనుక వారం మధ్యలో వెళ్లడమే మేలని నా అనుభవం. టిక్కెట్టు తీసుకున్నాక కమిటీ సభ్యుల్లో ఎవరైనా వెంట వస్తారా అని అడిగితే, నలభై ఏళ్లు దాటిన ఒకాయన వచ్చారు. చిన్నతనంలో తండ్రితో పీతల వేటకు ఈ పాయల్లోకి వచ్చేవాణ్నని, కమిటీలో చేరాక మొక్కలు నాటే పనులకు, ఆ తరువాత సర్వే బృందాలకు దారి చూపే పనికి వెళ్తున్నానని చెప్పారు. ఆయన తోడు లేకుండా నడిచి ఉంటే పచ్చటి చెట్లను, బురదను, మధ్య మధ్య ఎగిరే కొంగలను చూసి అరగంటలో తిరిగి వచ్చేవాళ్లం. ఆయన వెంట ఉండటం వల్ల ఆ బాట మీదే రెండున్నర గంటలు గడిచిపోయాయి.

మడ చెట్ల చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన వేలకొద్దీ ఊపిరి వేళ్లను పాఠ్యపుస్తకాల్లో బొమ్మలుగా చూసిన విద్యార్థులు ఇక్కడ నిజంగా చూసినప్పుడు మొదట నిశ్శబ్దమైపోతారు. ఉప్పుపొన్న చెట్టు కాండం నుంచి గొడుగు ఊచల్లా దిగే వేళ్లు, ఒక్క డెక్కే పెద్దదిగా ఉండే చిన్న ఎర్ర పీతలు, బురద మీద గెంతే చేపలు అన్నీ బాట మీద నిలబడే కనిపిస్తాయి. తిల్ల చెట్టు దగ్గర మాత్రం ఆయన ఆగి, కొమ్మ విరవవద్దని, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని హెచ్చరించారు. ఆకుల మాటున ఇంకా మిగిలి ఉన్న ఒక మడకాయను కోసి, బొటనవేలి గోటితో పైనున్న పలచటి తొక్కను చీల్చి మా మేనకోడలి అరచేతిలో పెట్టారు. లోపల రెండు పచ్చటి బీజదళాలు మడత పెట్టిన చేతిరుమాలులా ఒకదానిలో ఒకటి ఒదిగి ఉన్నాయి. విత్తనం తల్లి చెట్టు మీదే మొలకెత్తడం మొదలుపెట్టి, నీళ్లలో పడ్డాక తొక్క వదిలి, మెత్తటి చోటు దొరికిన వెంటనే వేరు దించుతుంది. క్లాసులో నేను గంటసేపు చెప్పే పాఠాన్ని ఆయన ఒక నిమిషంలో చేతికి అందించారు.

ఆయన పని గురించి ఎక్కువగా తెలిసింది కాలువల దగ్గరే. పూర్వం అడవిని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కలో చెట్లన్నింటినీ నరికే పద్ధతి ఉన్నప్పుడు, నీడ పోయిన నేల ఎండకు ఆరి కుంగి, తాంబాళంలా గుంటబారేది. పోటు నీరు అందులోకి వచ్చి, పాటులో, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసే వేళ, వెనక్కి పోలేక నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుని చివరకు మడ విత్తనం కూడా బతకలేని చవిటి నేలగా మారేది. 1990ల చివరలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామస్థులు కలిసి ఇటువంటి చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వడం మొదలుపెట్టారు. వెన్నెముకలాంటి పెద్ద కాలువ పాయతో కలుస్తుంది. దానికి రెండు వైపులా పక్కటెముకల్లా ఏటవాలుగా చిన్న కాలువలు ఉంటాయి. రోజుకు రెండుసార్లు పోటు నీరు లోపలికి వచ్చి ఉప్పును కడిగి తీసుకుపోతుంది, ఆ కాలువ గట్ల వాలు మీద మొక్కలు నాటుతారు. వినడానికి ఇది తేలికగానే ఉంటుంది. తవ్విన కాలువ రెండు మూడు వానాకాలాలకే ఒండ్రుతో పూడిపోతుందని, పూడిక తీయకపోతే మొక్కలు నిలవవని, ఆ పనంతా మోకాలి లోతు అడుసులో చేయాల్సిందేనని ఆయన చెప్పాకే దాని బరువు మాకు అర్థమైంది. “పాటు తీసినప్పుడే మా పనండి. పోటు వచ్చిందంటే పార అక్కడ పెట్టేసి ఒడ్డుకొచ్చేయాలండి” అన్నారు. ఆయన పాదాల మీద ఊపిరి వేళ్లు, ఆల్చిప్పల అంచులు కోసిన పాత మచ్చలు తెల్లగా కనిపిస్తున్నాయి. బూట్లు వేసుకోరా అని మా మేనకోడలు అడిగితే, అడుసులో బూటు దిగబడితే కాలు వస్తుంది గాని బూటు రాదని చెప్పారు.

నీటిపిల్లి గురించి తెలుసుకోవాలనే మేం ముఖ్యంగా వెళ్లాం. బావురుపిల్లి అని కూడా పిలిచే ఈ జంతువు మన ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద నల్ల మచ్చలు, పొట్టి తోక, వేళ్ల మధ్య కొంతమేర పొర ఉంటాయి. నీళ్లలో దిగి చేపలు పట్టే ఈ పిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. 2018లో జరిగిన లెక్కింపులో ఈ అభయారణ్యంలో 115 నీటిపిల్లులు ఉన్నట్లు తేలింది. ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే దాని మీద గౌరవం కలుగుతుంది. పిల్లి రాత్రిపూట తిరుగుతుంది, మనిషి పగటిపూట పాటు తీసినప్పుడే లోపలికి వెళ్లగలడు, బురదలో పడిన అడుగుజాడను తరువాతి పోటు చెరిపేస్తుంది. అందుకే చెట్లకు కెమెరాలు కట్టి, జంతువు ముందు నుంచి వెళ్లినప్పుడు పడే ఫొటోల్లోని ఒంటి మచ్చలను పోల్చి, ఇది ఫలానా పిల్లి, అది వేరొకటి అని విడదీసి లెక్కిస్తారు.

కెమెరా ఎంత ఎత్తులో కట్టాలన్నదే ఇక్కడి చిక్కు. ఆయన ఒక మడ చెట్టు బెరడు మీద మా నడుము ఎత్తున కనిపిస్తున్న బురద గీతను వేలితో చూపించారు. పెద్ద పోటు నాడు నీరు అంతవరకు వస్తుంది కనుక కెమెరా ఆ గీతకు పైనే ఉండాలి. పిల్లి మాత్రం మోకాలి ఎత్తున నడుస్తుంది. అందువల్ల కెమెరాను కిందికి వంచి, వెనుక పుల్ల దూర్చి, ఒక మనిషి నాలుగు కాళ్ల మీద పిల్లిలా దాని ముందు నుంచి పాకి వెళ్తుంటే ఫొటో పడుతోందా లేదా అని సరిచూస్తారట. జంతువుల మలాన్ని సేకరించడమూ ఆయన నేర్చుకున్న పనే. ఎండిన మలంలో చేప పొలుసులు, పీత డెక్కల ముక్కలు మెరుస్తూ ఉంటే అది నీటిపిల్లిది కావచ్చు, నీటికుక్కది కావచ్చు. నీటికుక్కలు గుంపుగా ఒకే చోటికి వచ్చి పోతుంటాయి కనుక ఆ చోటును బట్టి, వాసనను బట్టి తేడా పోల్చుకుంటారు. పరిశోధకుల నివేదికలో ఒక పంక్తిగా ముగిసిపోయే ఆ తేడాను నేలమీద గుర్తుపట్టేది ఇటువంటి మనుషులే. నివేదికల్లో వీళ్ల పేర్లు కూడా కనిపించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

నీటిపిల్లి మాకు కనిపించలేదు. ఆ ఆశతో ఇక్కడికి ఎవరూ రాకూడదు. అది చూపిస్తామని ఇక్కడ ఎవరూ చెప్పరు కూడా.

పడవ ప్రయాణం సంగతి కొద్దిగానే చెప్పాలి. పాయ వెంట రెండు వైపులా చెట్లు నీటిమీదికి వంగి ఉంటాయి, లకుముకి పిట్టలు, కొంగలు, రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకులు దగ్గరగా కనిపిస్తాయి. మరో రాష్ట్రంలో, పేరు చెప్పదలచుకోని ఒక చోట, లౌడ్‌స్పీకరులో పాటలు పెట్టి మడ పాయలో పడవ నడపడం చూశాను. ఆ గంటసేపట్లో ఒక్క పిట్ట కూడా కంటపడలేదు. ఇక్కడ మేం వెళ్లిన రోజున పడవ నడిపినాయన వంపు దగ్గర ఇంజను ఆపేసి, నీటి వాలుకు వదిలేసి, మమ్మల్ని మాట్లాడకుండా కూర్చోమన్నారు. ఆ నాలుగైదు నిమిషాలు నాకు మిగతా ప్రయాణమంతటి కంటే విలువైనవి.

ఇక ఉద్యోగాల విషయం. తిరుగు దారిలో మా మేనకోడలు నేరుగా అడిగిన ప్రశ్న: “అత్తా, ఈయన చేసే పని నేను చేయాలంటే ఎక్కడ చేరాలి?” ఆమె లోగడ ఒక సంస్థలో ఎనిమిది నెలలు ప్రాజెక్టు సహాయకురాలిగా పనిచేసింది. ఆ సంస్థ పేరు రాయను. మూడు నెలల జీతం ఆలస్యంగా ఇచ్చారు, అడవిలో తిరిగే పనికి బీమా లేదు, ప్రాజెక్టు ముగిసిన రోజునే ఉద్యోగమూ ముగిసింది. ఈ రంగంలోకి వచ్చే పిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. పరిశోధన వైపు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఏడాదికో, రెండేళ్లకో కుదిరే ఒప్పందాలు. డెహ్రాడూన్‌లో 1982లో ఏర్పడిన భారత వన్యప్రాణి సంస్థలోను, బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లోను వన్యప్రాణి శాస్త్రంలో ఎంఎస్సీ చదవవచ్చు గాని సీట్లు బహు కొద్ది. స్థిరమైన ఉద్యోగం కావాలనుకునే వారికి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా భర్తీ అయ్యే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి. అఖిల భారత స్థాయిలో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఉంది. ఇవేవీ కాకుండా, ఏ డిగ్రీ లేకుండా, పాయల్లో పెరిగిన జ్ఞానంతోనే అడవిని కాపాడుతున్న ఈ కమిటీ సభ్యులు ఉన్నారు. మొక్కలు నాటే పని ఉన్నప్పుడు కూలి, సర్వే ఉన్నప్పుడు రోజు బత్తెం, సందర్శకులు వచ్చినప్పుడు ఇక్కడి పని, మిగతా రోజుల్లో మళ్లీ వల. మాకు బాట చూపించినాయన ఈ లెక్క చెప్పిన తీరులో ఫిర్యాదు లేదు గాని, వానాకాలంలో సందర్శకులు తగ్గితే ఇల్లు గడవడం కష్టమన్న మాట మాత్రం ఉంది. పరిరక్షణ ఉద్యోగాల గురించి మాట్లాడేటప్పుడు మనం వీళ్లను లెక్కలో వేయకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

చలికాలం చివరి నెలల్లో ఈ తీరంలో, కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెల మీద కూడా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో రాత్రంతా తీరం వెంట నడిచి గూళ్లను గుర్తించి, నక్కలకు, కుక్కలకు దొరక్కుండా గుడ్లను హేచరీకి చేర్చే పని ఉంటుంది. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అది ఈ చెక్కబాట టిక్కెట్టులో భాగం కాదు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే తీసుకోవాలి.

విద్యార్థులను తీసుకువచ్చే అధ్యాపకులకు ఈ చోటును నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఇరవై మందికి మించి ఒకేసారి తీసుకురాకండి, బాట ఇరుకు, వెనుకవారికి మాట వినిపించదు. మొదటే కమిటీ సభ్యుణ్ని వెంట రమ్మని అడగండి, ఆయన సమయానికి తగిన ప్రతిఫలం విడిగా ఇవ్వండి, పిల్లలు అడగవలసిన ప్రశ్నలను ముందు రోజే రాయించండి. చిప్స్ పొట్లాలు, నీళ్ల సీసాలు బాట మీదనుంచి జారితే వాటిని మళ్లీ అడుసులోకి దిగి ఏరేది కూడా ఆ మనుషులే కనుక సంచుల్లోంచి తీయనివ్వకండి. జలపాతం, ఊయల, భోజన హోటలు కోరుకునే కుటుంబాలకు ఇక్కడ ఒక గంటకే విసుగు పుడుతుంది. వారికి కాకినాడ తీరమే బాగుంటుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. ఎప్పుడు వచ్చినా బయలుదేరే ముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు కనుక్కోవాలి. పీతలను, ఊపిరి వేళ్లను చూడాలంటే పాటు ఉండాలి, పడవ లోపలికి వెళ్లాలంటే పోటు ఉండాలి. పాటు చివరలో చేరుకుని ముందు బాట మీద నడిచి, నీరు పెరిగాక పడవ ఎక్కితే ఒకే పూటలో రెండూ దొరుకుతాయి. ఈ వరుస మాకు చెప్పింది కూడా మాకు బాట చూపించిన ఆయనే.