పూల్ బల్లపై రెస్ట్ ఎంపిక: మూడు రకాలను వాడి చూశాక

పార్లర్లలో పూల్ ఆడేవారు తమ క్యూ (బంతిని కొట్టే కర్ర) గురించి, టిప్ (బంతికి తగిలే దాని కొన) గురించి, చివరికి చాక్ రంగు గురించి కూడా ఎంతసేపైనా మాట్లాడతారు గానీ, బల్ల అంచు కింద కొక్కేలకు వేలాడే రెస్ట్, అంటే చేతికి అందని బంతిని కొట్టేటప్పుడు క్యూకు ఆసరాగా పెట్టే, కొనకు తల ఉన్న కర్ర, ఎలాంటిదో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తొమ్మిది అడుగుల బల్ల ఆట మైదానం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. సగటు ఎత్తున్న ఆటగాడికి బల్ల మధ్యభాగంలో, ఆవలి కుషన్ (బల్ల చుట్టూ ఉండే రబ్బరు అంచు) వైపు నిలిచిన తెల్ల బంతి చేతికి అందదు. ఒక కాలైనా నేలను తాకి ఉండాలన్న నియమం వల్ల బల్ల మీదికి పూర్తిగా ఎక్కి కొట్టే వీలూ లేదు. అందువల్ల రెస్ట్ ఎంపికకు క్యూ ఎంపికతో సమానమైన శ్రద్ధ అవసరమని నా అభిప్రాయం. కొన్నేళ్లుగా నేను హైదరాబాద్‌లో మూడు రకాలను మార్చి మార్చి వాడుతున్నాను: స్నూకర్ బల్లలతో పాటు వచ్చే ఇత్తడి ఎక్స్ ఆకారపు రెస్ట్, అనేక గాళ్లున్న ప్లాస్టిక్ తల, మరో క్యూ కొనకు తొడిగే చిన్న రబ్బరు బిగింపు తల. వీటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను మొదటిదాన్నే ఉంచుకుంటాను.

అందుకు ముఖ్య కారణం రెస్ట్ తలలో క్యూ ఆనే గాడి ఎత్తు. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు కాబట్టి దాని మధ్యబిందువు గుడ్డ మీద నుంచి సుమారు 28.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. గాడి ఎంత పైకి ఉంటే క్యూ అంత పైనుంచి వస్తుంది, టిప్ బంతి పైభాగానికే తగులుతుంది. బంతి మధ్యలో కొట్టాలంటే క్యూ పిడిని పైకెత్తక తప్పదు. ఎంత ఎత్తాలన్నది సులభమైన లెక్క. గాడికి ముందు 17 సెంటీమీటర్ల క్యూ, వెనుక 120 సెంటీమీటర్ల క్యూ ఉందనుకుంటే, టిప్ 5 మిల్లీమీటర్లు దిగడానికి పిడి మూడున్నర సెంటీమీటర్లు లేవాలి. అలా ఏటవాలుగా నిలిచిన క్యూతో కొట్టినప్పుడు తెల్ల బంతి కొద్దిగా ఎగురుతుంది. టిప్ మధ్య నుంచి కాస్త పక్కకు తగిలి బంతికి సైడ్ (పక్క తిప్పుడు) వచ్చినా దాని దారి వంపు తిరుగుతుంది. దూరపు బంతిని తప్పడానికి చాలామంది తమ గురిని నిందించుకుంటారు గానీ, అసలు దోషం చాలాసార్లు రెస్ట్ ఎత్తులోనే ఉంటుంది. కుషన్ అంచును దాటడం కోసం పిడి ఎలాగూ కొంత పైకే ఉండాలి కనుక గాడి బంతి మధ్యకు సరిగ్గా సమంగా ఉండనక్కరలేదు. అయినా గాడి అడుగు గుడ్డ నుంచి 30 మిల్లీమీటర్లు దాటిన తలను సాధారణ షాట్లకు నేను తీసుకోను. కొనేటప్పుడు జేబులో చిన్న స్కేలు ఉంటే చాలు, దుకాణంలోనే ఈ కొలత తేలిపోతుంది.

ఇత్తడి ఎక్స్‌లో ఒకవైపు గాడి తక్కువ ఎత్తులో, తిప్పితే మరోవైపు గాడి ఎక్కువ ఎత్తులో ఉంటుంది. ఉన్నవి రెండు ఎత్తులే కాబట్టి ఎంచుకోవడానికి ఆలోచించాల్సిన పని ఉండదు, ఒత్తిడిలో ఉన్నప్పుడు ఇదే పెద్ద సౌకర్యం. తల బరువుగా ఉండటం వల్ల క్యూ వెనక్కి ముందుకి కదిలేటప్పుడు అది బల్ల మీద జరగదు. గాడి వీ ఆకారంలో ఉంటుంది కాబట్టి 13 మిల్లీమీటర్ల టిప్ ఉన్న పూల్ క్యూ అయినా, పది మిల్లీమీటర్లలోపు టిప్ ఉన్న స్నూకర్ క్యూ అయినా పక్కలకు ఊగకుండా కుదురుకుంటుంది. లోపం లేకపోలేదు. పాతబడిన ఇత్తడి గాళ్లలో గరుకు అంచులు ఏర్పడి షాఫ్ట్ (క్యూ ముందు భాగం) మీద సన్నని గీతలు పెడతాయి. గాడిలో పత్తి గుడ్డ ముక్కను లాగి చూడండి, ఒక్క పోగు చిక్కుకున్నా సన్నని ఉప్పుకాగితంతో రుద్దాల్సిందే. కార్బన్ షాఫ్టులకు ఈ బెడద తక్కువగానీ, మేపుల్ కర్రకు మాత్రం తప్పనిసరి జాగ్రత్త.

అనేక గాళ్లున్న ప్లాస్టిక్ తల చూడటానికి ఎంతో ఉపయోగకరంగా కనిపిస్తుంది. అడ్డంగా ఉంచితే వరుసగా గాళ్లు, నిలువుగా తిప్పితే ఇంకా ఎత్తైన గాడి. షాఫ్టుకు గీతలు పడవు, క్యూ మెత్తగా జారుతుంది. పక్క గాళ్లు వాడుకోవచ్చు కనుక రెస్టును కదపకుండానే క్యూను కొద్దిగా కుడికో ఎడమకో మార్చుకోవచ్చు. దగ్గర్లో ఇతర బంతులు ఉన్నప్పుడు ఇది నిజంగా అక్కరకొచ్చే గుణం. అయితే నేను కొన్న తల తేలికైనది కావడంతో కొత్తగా గుడ్డ వేసిన బల్ల మీద ఇట్టే జారిపోయేది. గాళ్లు వెడల్పుగా, గుండ్రంగా ఉండటం వల్ల సన్నని క్యూ అందులో పక్కలకు కదిలేది. వాడగా వాడగా కర్రకూ తలకూ మధ్య మర వదులై, చివరికి కొట్టే ముందు ప్రతిసారీ బిగించుకోవాల్సి వచ్చింది. గాడిలోని ఆ ఊగులాట ఒక మిల్లీమీటరే అయినా, రెండు మీటర్ల దూరంలో ఉన్న పాకెట్ దగ్గర అది బంతిని నోటి అంచుకు కొట్టించడానికి సరిపోతుంది.

మూడవది, బిగింపు తల. దీన్ని పార్లర్ క్యూ ఒకదాని టిప్ వైపు తొడిగితే అదే రెస్ట్ అవుతుంది. క్యూ సంచిలో ఇమిడిపోతుంది. ఎత్తుగా నిలిచే కాళ్లున్నది ఎంచుకుంటే, అడ్డంగా ఉన్న బంతి మీదుగా కొట్టాల్సినప్పుడు స్పైడర్ (ఎత్తైన కాళ్లున్న ప్రత్యేక రెస్ట్) పని కూడా చేస్తుంది. పూల్ మాత్రమే ఉన్న పార్లర్లలో స్పైడర్ సాధారణంగా దొరకదు కాబట్టి ఈ ఒక్క అవసరానికే అది తన ధర రాబట్టుకుంటుంది. మామూలు దూరపు షాట్లకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. క్యూ సన్నని కొన మీద తల నిలబడటం వల్ల, చేతి ఒత్తిడి ఏమాత్రం తగ్గినా అది వణుకుతుంది.

స్పైడర్ లేనిచోట మరో మార్గమూ ఉంది. ప్రపంచ పూల్ సంఘం నియమాల ప్రకారం ఒక షాట్‌కు రెండు రెస్టుల వరకు వాడుకోవచ్చు, వాటిని ఎలా అమర్చాలన్నది ఆటగాడి ఇష్టం. సాధారణ రెస్టులను పోలినదైతే సొంతదీ తెచ్చుకోవచ్చు. ఒక తల మీద మరో తల పెట్టి ఎత్తు పెంచుకోవడం ఇందులోని కిటుకు. కానీ తీసేటప్పుడు ఏదో ఒకటి బంతిని తాకే ప్రమాదం రెట్టింపవుతుంది. స్నూకర్‌లో అలా తాకితే కనీసం నాలుగు పాయింట్లు ప్రత్యర్థికి వెళతాయి.

ఎంత మంచి తలైనా పట్టు సరిగా లేకపోతే ఫలితం ఉండదు. రెస్ట్ కర్రను బల్ల మీద ఆనించి, ఖాళీ చేత్తో గట్టిగా నొక్కి ఉంచాలి. క్యూ పిడిని కింద బొటనవేలు, పైన చూపుడు, మధ్య వేళ్లు పెట్టి పట్టుకోవాలి. మోచేయి పక్కకు చాచి, ముంజేతిని మాత్రమే కదిలించాలి. బలం తక్కువగా, వెనక్కి లాగే దూరం చిన్నదిగా ఉంటేనే గురి నిలుస్తుంది. బంతిని వెనక్కి రప్పించే షాట్‌ను రెస్టుతో ప్రయత్నించకపోవడమే మేలు.

రెస్ట్ బదులు ఎడమచేత్తో కొట్టడం నేర్చుకోమనేవారూ ఉన్నారు. స్నూకర్ ఆటగాడు రోనీ ఓసులివన్ రెండు చేతులతోనూ ఆడతాడు గనుక రెస్టుతో అతనికి పని తక్కువ. 1996 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అలా ఆడినందుకే తనను అవమానించాడని ప్రత్యర్థి అలైన్ రోబిడూ ఆగ్రహించాడు కూడా. దగ్గరి సులువైన బంతులకు ఎడమచేయి నాకూ పనికొస్తుంది, పొడవైన షాట్లకు మాత్రం ఇత్తడి రెస్టునే నమ్ముతాను. క్యూ వెనుక బిగించే ఎక్స్‌టెన్షన్ రెస్టుకు తోడే గానీ ప్రత్యామ్నాయం కాదు.

నిర్వహణ విషయంలో ఒక్క మాట. ఇత్తడి తల కాళ్ల అడుగున చాక్ పొడి గట్టిపడి గుడ్డ మీద నీలి మరకలు వేస్తుంది కాబట్టి, ఆట మొదలుపెట్టే ముందు తడి గుడ్డతో తుడిచి, ఆరాకే బల్ల మీద పెట్టండి.