చెన్నైలో తొలి చిన్న సినిమా: తెలుగులోనా, తమిళంలోనా, మాటలు లేకుండానా?

నేను పుట్టి పెరిగింది, చదువుకున్నది చెన్నైలోనే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో నేర్చినది తమిళం కాబట్టి ఈనాటికీ దాన్నే వేగంగా చదువుతాను. సాలిగ్రామంలో ఒక డబ్బింగు థియేటరులో సహాయకుడిగా పనిచేస్తూ నాలుగేళ్లుగా కూడబెట్టుకున్న సొమ్ముతో ఒక చిన్న సినిమా తీయాలని నిశ్చయించుకున్నాను. ఏ కెమెరా తీసుకోవాలి, ఎవరు నటిస్తారు అన్న ప్రశ్నలకన్నా ముందు నన్ను ఆపి నిలబెట్టిన ప్రశ్న, అది ఏ భాషలో మాట్లాడాలన్నది. చెన్నైలోనూ బెంగళూరులోనూ నాలాగే రెండు భాషల నడుమ పెరిగి, తొలి ప్రయత్నానికి సిద్ధపడుతున్న తెలుగువారు ఉన్నారు. ఆరు నెలలుగా నేను తూచి చూసిన దారులను వారికోసం ఇక్కడ వివరిస్తున్నాను.

నా దగ్గర ఉన్నవి రెండు కథలు. మొదటి కథలో, తాత పోయిన తరువాత నెల్లూరు నుంచి మనవడి దగ్గరకు వచ్చిన అవ్వకు తమిళం రాదు. చెన్నైలోని వడపళనిలో వారు అద్దెకుంటున్న ఇంటి యజమాని ఒక సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి, "అడుత్త మాసం వీట్ట కాలి పణ్ణణుం" అంటాడు. వచ్చే నెల ఇల్లు ఖాళీ చేయాలని దాని అర్థం. ఆయన వెళ్లాక, ఏమన్నాడని అవ్వ అడుగుతుంది. ఆమెను కలవరపెట్టడం ఇష్టంలేక మనవడు, నీళ్ల ట్యాంకు ఖాళీ అయిందట అని చెబుతాడు. మన ఖాళీ, తమిళుల కాలి ఒకే మాట కాబట్టి, యజమాని మాటల్లో అవ్వ చెవికి చిక్కిన ఒకే ఒక్క మాట అది. మనవడి అబద్ధం ఆ మాట మీదే నిలబడుతుంది. రెండవ కథ మా నాన్నగారి జీవితం నుంచి వచ్చింది. సినిమాలకు దుస్తులు అద్దెకిచ్చే దుకాణంలో పనిచేసే ఒక ముసలాయన, రాత్రి దుకాణం మూసిన తరువాత రాజుల అంగరఖాలు మడతపెడుతూ, ఒక కిరీటంలో రాయి ఊడిపోయి ఉండడం గమనిస్తాడు. తెల్లవారేలోగా దాన్ని వెతకాలి.

మొదటి దారి, అంతా తెలుగులో తీయడం. దీనివైపు మనసు లాగే బలమైన కారణం నాకుంది. తెలుగు అక్షరాలను నేను నేర్చుకున్నది మా అమ్మమ్మ దాచిన పాత చందమామల్లో. 1947 జూలైలో తెలుగు, తమిళాలు రెండింటిలో మొదలై, ఆపైన చాలాకాలం ఈ వడపళని నుంచే వెలువడిన ఆ పత్రికను చదివిన ఇంట్లో పుట్టి, తొలి చిత్రాన్ని తెలుగులో కాక మరో భాషలో తీయడం ఎందుకని నన్ను నేనే అడిగాను. తెలుగులో తీస్తే సంభాషణను దిద్దుకోగలను, ఒక పదం పొల్లు పోతే చెవి వెంటనే పట్టుకుంటుంది. అయితే ఇందులో ఒక జాగ్రత్త అవసరం. చెన్నై తెలుగు ఇళ్లలో "సరి, తినేసి పడుకో, అప్పరం మాట్లాడుకుందాం" అన్న వాక్యం ఎంతో సహజంగా వినిపిస్తుంది. అదే వాక్యాన్ని కాగితం మీద పెట్టగానే మనం "సరే", "తరువాత" అని దిద్దేస్తాం. అలా దిద్దిన తెలుగు గోదావరి ఒడ్డున ఉన్న ఇంటికి సరిపోతుంది కాని వడపళని మేడ మీది వాటాకు సరిపోదు. చెన్నై తెలుగు కథను తెలుగులో తీయదలచినవారు ఆ "అప్పరం"ను అలాగే ఉంచే ధైర్యం చేయాలి. ఇక నా మొదటి కథకు మాత్రం ఈ దారి పనికిరాదు. యజమాని కూడా తెలుగు మాట్లాడితే మనవడు అనువదించాల్సింది ఏమీ మిగలదు, అబద్ధమూ ఉండదు, కథే ఉండదు.

రెండవ దారి, అంతా తమిళంలో తీయడం. చెన్నైలో ఉన్నవారికి దీనిలోని సౌకర్యాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. న. ముత్తుస్వామి 1977లో ప్రారంభించిన కూత్తుప్పట్టరై వంటి నాటక బృందాల సంప్రదాయం ఈ నగరంలో ఉంది. పారితోషికం కన్నా పాత్రను చూసి ముందుకు వచ్చే నటులు అటువంటి చోట దొరుకుతారు. నా మిత్రుల్లో కెమెరా, శబ్దం చూసుకునేవారు కూడా తమిళులే. అరవై ఏళ్ల తెలుగు నటిని చెన్నైలో వెతకడానికి నాకు రెండు నెలలు పట్టింది. తమిళ నటి అయితే వారం చాలేది. కాని అవ్వను తమిళురాలిని చేస్తే ఆ నగరం ఆమెకు పరాయిది కాకుండా పోతుంది. ఆమె ఒంటరితనం భాష నుంచి పుట్టినది. కాబట్టి ఈ దారిని వదిలేశాను. భాషతో పనిలేని కథ ఉన్నవారు, చేతిలో తమిళ మిత్రులు ఉన్నవారు మాత్రం సంకోచం లేకుండా తమిళంలోనే తీయవచ్చు, అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

ఒక భాషలో తీసి రెండవ భాషలోకి డబ్బింగు చేయమని, లేదా రెండు భాషల్లో విడివిడిగా తీయమని పెద్దలు కొందరు సలహా ఇచ్చారు. ఈ పద్ధతికి మద్రాసులో గొప్ప చరిత్ర ఉంది. 1955లో ఎల్.వి. ప్రసాద్ మిస్సమ్మను తెలుగు, తమిళాల్లో తీసినప్పుడు కథానాయకుడిగా తెలుగులో ఎన్.టి. రామారావు, తమిళంలో జెమినీ గణేశన్ నటించారు. సావిత్రి మాత్రం రెండింటిలోనూ ఉన్నారు. రెండు రూపాలూ నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయని ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఇది: ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధం చెప్పిన ఆ ఇద్దరూ దాచింది తమ పెళ్లికాని స్థితిని, ఆమె క్రైస్తవ మతాన్ని. వారు దాచిన విషయం భాషకు సంబంధించినది కాదు కనుక కథ ఒక భాష నుంచి మరొక భాషకు ఏమీ పోగొట్టుకోకుండా దాటగలిగింది.

ఆ స్టూడియోల వనరులు లేని మనకు మిగిలేది డబ్బింగు. ఇది నా రోజువారీ పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. డబ్బింగు రాసేవారు ముందుగా చూసేది పెదవులు కలిసే అక్షరాలను, అంటే ప, బ, మ వంటివాటిని. "అమ్మా" అన్న పిలుపు రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి దానితో ఏ చిక్కూ లేదు. "అప్పా" అని పిలిచే దగ్గరి షాటు వచ్చిందంటే మాత్రం కష్టం మొదలవుతుంది. పెదవులు స్పష్టంగా మూసుకుని తెరుచుకుంటాయి. మన "నాన్నా"లో పెదవులు కలవనే కలవవు. ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా ఏదో అతకలేదని మాత్రం తెలుస్తుంది. "కాలి పణ్ణణుం" అన్నచోట నటుడి పెదవులు కలుస్తాయి, "ఖాళీ చేయాలి" అన్నచోట కలవవు. ఇలాంటి చోట్ల రచయిత అర్థాన్ని కొద్దిగా వంచి పెదవులను కాపాడతాడు, లేదా పెదవులను వదిలి అర్థాన్ని కాపాడతాడు. పెద్ద సినిమాలో వేల మాటల మధ్య ఒక్క మాట తేడా కొట్టుకుపోతుంది. 12 నిమిషాల చిత్రంలో, ముఖాలకు దగ్గరగా నిలబడిన కెమెరా ముందు, అలా కొట్టుకుపోదు. డబ్బింగు మీద ఎంతో గౌరవం ఉన్నవాడిగానే చెబుతున్నాను: మొదటి చిన్న సినిమాకు అది దారి కాదు.

మాటలే లేకుండా తీయడం మూడవ దారి. ఈ మాట వినగానే అందరూ తలచుకునేది సింగీతం శ్రీనివాసరావు 1987లో బెంగళూరులో తీసిన పుష్పక విమానం. అందులో నన్ను ఎప్పుడూ కదిలించేది చివరి భాగం. నాయిక తన చిరునామా రాసిన చీటీని గులాబీకి చుట్టి విసిరితే, అది నాయకుడికి అందక మురుగు కాలువలో పడిపోతుంది. మాటలు లేని ఆ చిత్రంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటలు ఎవరూ చదవని కాగితం మీద ఉన్నాయి. కె.వి. రెడ్డి దగ్గర శిక్షణ పొందిన దర్శకుడి నిర్మాణ నైపుణ్యం అక్కడ కనబడుతుంది: మాటను తీసివేసినచోట ఒక వస్తువును పెట్టారు, ఆ వస్తువు చేత మాట్లాడించారు.

కాని ఈ దారి చూడడానికి తేలికగా ఉండి చాలామందిని మోసం చేస్తుంది. సంభాషణ రాయడం రాదు కాబట్టి, లేదా శబ్దం రికార్డు చేయడం ఖర్చు కాబట్టి మాటలు తీసేద్దామనుకున్న చిత్రాలు కొన్ని చూశాను. ఒకే గదిలో ఉన్న భార్యాభర్తలు ఏ కారణమూ లేకుండా పది నిమిషాలు మౌనంగా ఉంటారు. వెనుక వీణ మోగుతూ ఉంటుంది. మాటలు లేవంటే శబ్దం లేదని కాదు. నిజానికి శబ్దం మీద పెట్టవలసిన శ్రమ రెట్టింపవుతుంది: ఫ్యాను తిరిగే చప్పుడు, జరీ గుడ్డ మడతపడే గరగర, దూరంగా గుడి మైకు, నగరంలో నీళ్లు పంచే లారీ వెనక్కి వెళ్లేటప్పటి కూత, వీటన్నిటినీ విడివిడిగా పట్టుకుని మళ్లీ కలపాలి. నా రెండవ కథకు ఈ దారి చక్కగా సరిపోతుంది. ఆ ముసలాయన రాత్రంతా ఒంటరివాడు, మాట్లాడడానికి ఎదురుగా ఎవరూ లేరు, మాటతో దాచవలసినదీ లేదు. దాని దృశ్యాలను ఇప్పటికే 64 బొమ్మలుగా గీసుకున్నాను. అవ్వ కథను ఇలా తీస్తే మాత్రం గుమ్మం దగ్గరి సన్నివేశం మూగ నాటకం అవుతుంది.

మిగిలినది రెండు భాషలనూ ఒకే చిత్రంలో, ఎవరి మాట వారిచేతనే పలికిస్తూ తీయడం. ఇది కొత్త ప్రయోగమని కొందరు భయపెట్టారు కాని దక్షిణాది టాకీ పుట్టుకే ఇలా జరిగింది. 1931 అక్టోబరు 31న విడుదలైన కాళిదాసులో, మన హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే ఇతర పాత్రలు కొన్ని తెలుగు మాట్లాడాయి. అది అవసరం కొద్దీ జరిగిన కలయిక, కథ కోరినది కాదు. కథే కోరిన కలయిక 1978 నాటి మరోచరిత్రలో ఉంది. తమిళ యువకుడు, తెలుగు అమ్మాయి, వారి మధ్య భాష అనే అడ్డుగోడ. ఆ చిత్రం తమిళనాడులో డబ్బింగు లేకుండా తెలుగులోనే ఆడింది. అంతా తమిళంలోకి మార్చి ఉంటే ఆ గోడ కూలిపోయి ఉండేది. 1981లో అదే దర్శకుడు కె. బాలచందర్ దాన్ని హిందీలో తీసినప్పుడు కూడా డబ్బింగు చేయలేదు. నాయకుణ్ణి తమిళుడిగానే ఉంచి, నాయికను హిందీ మాట్లాడే అమ్మాయిగా మార్చి, కథను గోవాకు తీసుకువెళ్లి, గోడను మళ్లీ కట్టారు. మిస్సమ్మను, దీన్నీ పక్కపక్కన పెట్టి చూసిన రోజునే నా సందేహం తీరింది. కథలో ఎవరికి ఏ మాట అర్థం కాకూడదో ముందు తెలుసుకుంటే, భాష ఏదన్న ప్రశ్నకు ఆ కథే సమాధానం చెబుతుంది.

ఈ దారికి ఇబ్బందులు లేకపోలేదు. ఇంటి యజమానిగా నటించేవారికి, అవ్వగా నటించేవారికి మధ్య సాధన సమయంలో నేనే దుబాసీగా నిలబడాలి. శబ్దాన్ని చిత్రీకరణ సమయంలోనే రికార్డు చేయాలి కనుక, వీధి సద్దుమణిగే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్యనే ముఖ్యమైన సన్నివేశం తీయాలి. సాయంత్రపు వెలుగు కావాలంటే కిటికీకి గుడ్డ కట్టి కృత్రిమంగా తెచ్చుకోవాలి. మరో భాష వచ్చినప్రతిచోటా ఉపశీర్షికలు కావాలి. తెలుగు లిపికి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి రెండు పంక్తుల మధ్య ఎడం ఎక్కువ వదలాలి, అక్షరాలు మరీ చిన్నవైతే ఫోనులో చదవడం కష్టం.

అయితే ఈ ఉపశీర్షికలోనే నాకు అన్నిటికన్నా విలువైన వెసులుబాటు దొరికింది. యజమాని మాటల కింద తెలుగు అర్థం వేస్తే ప్రేక్షకుడు మనవడి పక్కన నిలబడతాడు: నిజం తెలుసు, అబద్ధం పుడుతుంటే చూస్తాడు. అర్థం వేయకపోతే అవ్వ పక్కన కూర్చుంటాడు: ఆమెలాగే ఒక్క "కాలి"ని పట్టుకుని, మనవడి మాటను నమ్మి, మరునాడు తెల్లవారుజామున ఆమె బిందెలన్నీ నింపుతుంటే చూసి, ఆ తరువాత ఆమె ఎవరికీ చెప్పకుండా తాత ఫోటోను గోడ మీద నుంచి దించి చీరలో చుట్టే క్షణంలో, ఆమె ఆ ఒక్క మాటతోనే అంతా గ్రహించిందని తెలుసుకుంటాడు. తమిళం తెలిసినవారికి ఇదే చిత్రం మొదటి రకంగా కనిపిస్తుంది. వారికి అవ్వ తెలుగు మాటలకే ఉపశీర్షిక కావాలి.

అందుచేత అవ్వ కథను రెండు భాషల్లోనూ కలిపి ముందుగా తీస్తున్నాను. అవ్వగా నటించడానికి ఒప్పుకున్న పెద్దావిడ ఆరోగ్యాన్ని బట్టి దాన్ని వాయిదా వేయడం నాకు ఇష్టం లేదు. మాటలు లేని కిరీటం కథ ఆ తరువాత. తెలుగు ప్రతిలో, గుమ్మం దగ్గర యజమాని పలికే ఆ వాక్యం కింద ఏ అక్షరమూ వేయడం లేదు.