పెన్‌డ్రైవా, వైఫైనా, లాన్ వైరా: ఇంట్లో రెండు కంప్యూటర్లకి ఏది మేలు?

మొన్న గుంటూరు నుంచి మా బాబాయి ఫోను. "ఒరేయ్, పెళ్లి వీడియోలన్నీ కింద లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నా, ఆ వీడియోవాడు తన హార్డ్‌డిస్క్ పట్టుకుపోయాడు, ఇప్పుడు ఇవన్నీ పైన తమ్ముడి కంప్యూటర్లోకి పంపాలి, రాత్రి వైఫైలో పెట్టి పడుకుంటే పొద్దున లేచి చూసేసరికి ఇంకా సగమే అయింది, నెట్ ప్లాన్ పెంచమంటావా?" అని. ఎంతుంది బాబాయ్ అంటే 180 జీబీ అన్నాడు. ప్లాన్ జోలికి పోవద్దు, దానికీ దీనికీ సంబంధమే లేదు అని చెప్పా. నమ్మలేదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి ఫైలు వెళ్ళేటప్పుడు అది గడప దాటదు, లాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి పై కంప్యూటర్‌కి, అంతే. వీధిలో ఫైబర్ తెగిపోయి నెట్ లేకపోయినా ఆ కాపీ ఆగదు. అంటే మనకి ఉన్నవి రెండు వేరే వేరే పనులు, ఒకటి నెట్ అందరికీ పంచడం, రెండోది ఫైళ్ళు అటూ ఇటూ పంపడం. మొదటిదానికి ఏది పెట్టినా దాదాపు నడిచిపోద్ది. రెండోదానికే తేడా తెలుస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క. నెట్‌వాళ్ళు చెప్పే 100 ఎంబీపీఎస్ అనేది బిట్లలో, మనం ఫైలు కాపీ పెడితే కనిపించేది బైట్లలో, ఎనిమిదితో భాగించాలి, దార్లో పోయేది పోగా సెకనుకి 11 ఎంబీ దాకా మిగులుద్ది. ఈ లెక్కన బాబాయి 180 జీబీ వంద స్పీడు లింకు మీద నాలుగున్నర గంటలు. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ లింకు మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తది కాబట్టి 27, 28 నిమిషాలు. స్లాబు అవతల ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో సెకనుకి 4 ఎంబీ వస్తే పన్నెండున్నర గంటలు. బాబాయి రాత్రంతా పడ్డ అవస్థ ఇదే.

పెన్‌డ్రైవ్ సంగతి ముందు తేల్చేద్దాం. రెండు మూడు జీబీల లోపు అయితే దాన్ని మించింది లేదు, సెట్టింగులు లేవు, పాస్‌వర్డులు లేవు, గుచ్చు, లాగు. కానీ పెద్ద ఫైలైతే రెండుసార్లు కాపీ అని మర్చిపోతాం, ఇక్కడ ఎక్కించాలి, అక్కడ దించాలి. చవక పెన్‌డ్రైవ్ మీద యూఎస్‌బీ 3.0 అని రాసున్నా రాసేటప్పుడు మాత్రం సెకనుకి 10, 15 ఎంబీ దగ్గర కూలబడుద్ది. పైగా ఫ్యాట్32లో ఫార్మాట్ అయ్యుంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా ఎక్కదు, డ్రైవ్‌లో 60 జీబీ ఖాళీ ఉన్నా చోటు చాలదన్నట్టే మొరాయిస్తది, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకుంటే ఆ గోల ఉండదు, మార్చేముందు లోపల ఉన్నవి పక్కకి తీసుకోండి, ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉంటే నయం, సెకనుకి 100 ఎంబీ వేసుకున్నా ఎక్కడానికి అరగంట, దిగడానికి అరగంట. నెలకోసారి పనికి అది చాలు, వైర్లు లాగక్కర్లేదు.

ఇంకొకటి, రెండు వైపులా మామూలు యూఎస్‌బీ మూతి ఉన్న కేబుల్ కొని రెండు కంప్యూటర్లకి గుచ్చేద్దామని కొందరు చూస్తారు, అస్సలు వద్దు. అలా కలపడానికి మధ్యలో చిప్ ఉన్న ప్రత్యేకమైన కేబుల్ కావాలి, ఉత్త వైరు గుచ్చితే ఫైలు వెళ్ళకపోగా పోర్టు పోయే ప్రమాదం.

ఇక వైఫై. దీని గొప్ప ఏంటంటే ఆల్రెడీ ఇంట్లో ఉంటది, కొత్తగా పైసా ఖర్చు లేదు. నెట్ చూసుకోడానికి, మీటింగులకి, ఫోన్లో ఫోటోలు లాప్‌టాప్‌కి పంపడానికి నేను వైఫైనే వాడతా. లోకల్‌సెండ్ అని ఒక ఫ్రీ యాప్ ఉంది, విండోస్, మ్యాక్, లైనక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిట్లో నడుస్తది, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, నెట్ కూడా అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోల్డర్ షేరింగ్ నేర్పేకన్నా ఇది పెట్టిచ్చేస్తే మనకి ఫోన్లు తగ్గుతాయి.

కానీ పెద్ద ఫైళ్ళ దగ్గర వైఫై ఎందుకు చతికిలపడుద్దంటే, గాల్లో ఒక ఛానల్ మీద ఒకసారి ఒకళ్ళే మాట్లాడాలి. లాప్‌టాప్ రౌటర్‌కి చెప్పాలి, తర్వాత అదే మాట రౌటర్ పై కంప్యూటర్‌కి చెప్పాలి, రెండూ ఒకే గాల్లో అయితే ఉన్న స్పీడు సగానికి సగం. అందుకే ఒక చిట్కా, రెంటిలో ఒక్క కంప్యూటర్‌ని వైరుతో రౌటర్‌కి కలిపినా చాలు, రెండోది వైఫై మీదే ఉన్నా కాపీ ఇంచుమించు రెట్టింపు స్పీడందుకుంటది. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే గదిలో బ్రహ్మాండం, మన కాంక్రీటు స్లాబు దాటేసరికి నీరసం. మా ఇంట్లో స్లాబు దాటాక సెకనుకి 20, 25 ఎంబీ వస్తే గొప్ప, అంటే బాబాయి పని రెండు, రెండున్నర గంటలన్నమాట. అదీ మధ్యలో ఎవరూ వీడియోలు చూడకుండా ఉంటే.

సిగ్నల్ రావట్లేదని రిపీటర్ కొంటారు చూడండి, ఫోన్లో గీతలు నిండుగా కనపడతాయి, స్పీడు మాత్రం అది కూడా అదే గాల్లో మళ్ళీ చెప్తది కాబట్టి ఇంకా పడిపోద్ది. కరెంటు ప్లగ్గుల్లోంచి నెట్ పంపే అడాప్టర్లు కూడా ఉన్నాయి గానీ మనిళ్ళల్లో కింద ఒక ఫేజు, పైన ఒక ఫేజు, మధ్యలో ఇన్వర్టరు వైరింగు, నేనైతే డబ్బులు పెట్టను.

వైరు. నా ఓటు దీనికే, కాకపోతే వైరేస్తే చాలు గిగాబిట్ వచ్చేస్తదనుకోవద్దు, మూడు చోట్ల మోసపోతాం. ఒకటి, వైరు లోపల రాగి ఉందో లేదో. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అయినా మీ ఊళ్ళో కంప్యూటర్ షాపులో అయినా చవకగా ఇస్తున్నారంటే లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉండే అవకాశం ఎక్కువ, కొంచెం వంగితే విరుగుద్ది, కాబట్టి ప్యూర్ కాపర్ కావాలని గట్టిగా అడగండి. గిగాబిట్‌కి వంద మీటర్ల దాకా క్యాట్ 5ఈ రకం వైరు చాలు, క్యాట్ 6 దొరికితే తీసుకోండి, అంతకుమించిన నంబర్లు ఇంటికి దండగ. రెండు, చివర్లో జాక్. వైరులో ఎనిమిది తీగలుంటాయి, వంద స్పీడుకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మా ఇంట్లో నెట్ పెట్టినవాడు నాలుగే తీగలు జాక్‌లో కొట్టి వెళ్ళిపోయాడు, నెట్ వస్తోంది కదా అని నేను ఏడాది పాటు చూసుకోలేదు. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ కింద లింక్ స్పీడ్ 100/100 అని ఉంటే అనుమానించండి, 1000/1000 ఉండాలి. మూడు, రౌటర్ పోర్టు. చవక రౌటర్లలో లాన్ పోర్టులు వంద స్పీడువే, ఎంత మంచి వైరు గుచ్చినా సెకనుకి 11 ఎంబీ దాటదు.

రౌటర్ అలాంటిదైతే మధ్యలోంచి దాన్నే తీసేయండి, లాప్‌టాప్‌కీ కంప్యూటర్‌కీ నేరుగా ఒకే వైరు. ఒకప్పుడు దీనికి క్రాసోవర్ కేబుల్ అని విడిగా కొట్టించుకునేవాళ్ళం, ఇప్పటి గిగాబిట్ పోర్టులు వాటంతటవే సర్దుకుంటాయి, మామూలు కేబులే చాలు. రెండు వైపులా 169.254తో మొదలయ్యే అడ్రసులు వస్తాయి, అది తప్పు కాదు, అడ్రసులు పంచేవాడు లేనప్పుడు విండోస్ తనే పెట్టుకునేవి. నేను మాత్రం చేత్తో 10.0.0.1 ఒకదానికి, 10.0.0.2 ఇంకోదానికి, మాస్క్ 255.255.255.0 ఇచ్చి గేట్‌వే, అంటే నెట్‌కి దారి చూపే అడ్రస్, ఖాళీగా వదిలేస్తా, అప్పుడు ఫైళ్ళు వైరులో, నెట్ వైఫైలో, దేని దారి దానిది.

ఫోల్డర్ షేర్ చేసినా అవతల తెరుచుకోకపోతే రెండు చూడండి. నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చాలి. యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు రోజూ కొట్టే పిన్ పనిచెయ్యదు, ఆ అకౌంట్ అసలు పాస్‌వర్డే కావాలి, అది సగం మందికి గుర్తుండదు, అందుకని షేరింగ్ కోసం విడిగా ఒక లోకల్ యూజర్ చేసుకోవడం సుఖం. పాత వీడియోలు చూసి ఎస్ఎంబీ1 అనే పాతకాలం ఫైల్ షేరింగ్ పద్ధతి ఆన్ చెయ్యొద్దు, 2017లో వానాక్రై వైరస్ ఇళ్ళూ ఆఫీసులూ ముంచింది ఆ కంతలోంచే.

నెట్ పంచుకునే సంగతికొస్తే, 1999లో విండోస్ 98 రెండో ఎడిషన్‌తో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ వచ్చింది, ఒక మోడెమ్ ఉన్న కంప్యూటర్ మిగతావాటికి నెట్ ఇచ్చేది. ఇప్పటికీ విండోస్‌లో ఉంది, ఆన్ చేస్తే ఆ కంప్యూటర్ 192.168.137.1 అయి కూర్చుంటది. కానీ ఆ ఒక్కటి ఆపితే అందరికీ నెట్ పోద్ది, రౌటర్ ఉన్న ఇంట్లో దాని అవసరం లేదు. నేను వాడేది ఒకటే సందర్భంలో, ఫైబర్ పోయినప్పుడు ఫోన్‌ని లాప్‌టాప్‌కి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్లో లాప్‌టాప్‌కి ఇచ్చి, అక్కణ్ణుంచి వైరులో డెస్క్‌టాప్‌కి. కరెంటు పోతే కూడా నెట్ కావాలంటే రౌటర్‌కి చిన్న 12 ఓల్టుల యూపీఎస్ దొరుకుద్ది, అన్నిటికన్నా ముందు అది కొనండి, కాకపోతే మీ రౌటర్ అడాప్టర్ మీద కూడా 12 అనే ఉందో లేదో చూసుకోండి.

పై అంతస్తుకి వైరు లాగితే అక్కడ పాత రౌటర్ ఒకటి పెట్టుకోవచ్చు, వైఫై కూడా వస్తది. అయితే కింద నుంచి వచ్చే వైరుని దాని వ్యాన్ పోర్టులో, అంటే బయటి నెట్ వచ్చే పోర్టులో, గుచ్చకూడదు, లాన్ పోర్టులో గుచ్చి డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు పంచే పని, ఆపేయాలి, అడ్రస్ కింది రౌటర్‌తో తగలకుండా మార్చాలి. వ్యాన్‌లో గుచ్చితే నెట్ వస్తది గానీ పైది వేరే నెట్‌వర్క్ అయిపోయి కింద కంప్యూటర్‌కి పై కంప్యూటర్ కనిపించదు, ఎక్కడ తప్పో తెలీక రోజంతా కొట్టుకుంటాం.

మరి బాబాయికి ఏం చెప్పానంటే, పై కంప్యూటర్ కదలదు కాబట్టి దానికి వైరు, లాప్‌టాపులూ ఫోన్లూ వైఫై, పెద్ద కాపీ ఉన్న రోజు మాత్రం లాప్‌టాప్‌కి కూడా వైరు. లాప్‌టాప్‌కి లాన్ పోర్టే లేదు, దానికో యూఎస్‌బీ గిగాబిట్ డాంగిల్ కొనిపించా. ఆదివారం వెళ్ళి పెట్టి చూస్తే సెకనుకి 35 ఎంబీ దగ్గరే ఆగింది, వైరు మార్చా, జాక్ మళ్ళీ కొట్టా, చివరికి చూస్తే డాంగిల్ పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో ఉంది, పక్కనున్న నీలం 3.0 పోర్టులోకి మారిస్తే 108. పిన్ని భోజనానికి పిలిచేలోపు అయిపోయింది. వడ్డిస్తూ పిన్ని అడిగింది మాత్రం ఒక్కటే, "మెట్ల మీద ఆ నీలం వైరు ఎప్పుడు తీస్తారు?"