ట్యాబ్ ఉన్నవాళ్లకి ఖరీదైన ఫోన్ కూడా కావాలా?

కెమెరా కోసమైతే కొనండి. మిగతా దేనికోసమైనా అక్కర్లేదు. కొన్నేళ్లుగా రెండూ వాడుతున్న మనిషిగా నా జవాబు ఇది. అలాగని దొరికిన ఫోన్లలో అన్నిటికంటే చవకదైనా చాలనుకుంటే అదీ కుదరదు. ఎందుకో చెబుతాను.

నా దగ్గరున్నది తొమ్మిదో తరం ఐప్యాడ్. 2021లో వచ్చిన మోడల్, వైఫై రకం, 64 జీబీ. అది వచ్చిన కొత్తలో మన దేశంలో ధర రూ.30,900 నుంచి మొదలైంది. జేబులో ఉండేది పదిహేను వేల లోపు దొరికిన ఓ ఆండ్రాయిడ్ ఫోన్. 4 జీబీ ర్యామ్ (యాప్‌లు నడవడానికి ఫోన్ వాడుకునే మెమరీ), 6000 ఎంఏహెచ్ పెద్ద బ్యాటరీ. పేరు చెప్పడం లేదు, ఆ ధరలో వచ్చేవన్నీ కాస్త అటూ ఇటూగా ఒకటే.

నా పని పుస్తకాల ప్రూఫులు దిద్దడం. పీడీఎఫ్ తెరిచి, తెర మీద రాసే పెన్సిల్‌తో దాని మీదే దిద్ది తిరిగి పంపేస్తాను. ఖాళీ దొరికితే పాత పత్రికల స్కాన్లు చదువుతాను. ఇలాంటి స్కాన్ పేజీని ఆరున్నర అంగుళాల ఫోన్‌లో చదవాలంటే వేళ్లతో పెద్దది చేసుకుంటూ, ఒక్కో లైను వెంట అటూ ఇటూ జరుపుకుంటూ పోవాలి. అది లక్ష రూపాయల ఫోనైనా అంతే. 10.2 అంగుళాల తెర మీద పేజీ మొత్తం ఒకేసారి కనబడుతుంది. పొద్దున ఈ-పేపరు, సాయంత్రం సినిమా, అమెరికాలో ఉన్న మేనకోడలితో వీడియో కాల్, అన్నీ దీంట్లోనే. ముందు కెమెరా 12 మెగాపిక్సెల్, వెడల్పాటి లెన్సు. మనం కదిలితే ఫ్రేము కూడా మనతో కదులుతుంది కాబట్టి అమ్మ వంటింట్లోంచి నడుచుకుంటూ వచ్చి మాట్లాడినా ముఖం తెగిపోదు.

ఇప్పుడు ఖరీదైన ఫోన్‌లో మనం దేనికి డబ్బు పెడుతున్నామో చూడండి. మెరిసే తెర, వేగమైన ప్రాసెసర్, మంచి స్పీకర్లు, కెమెరా. ఐఫోన్ 14, 15, 16 మూడూ ఇక్కడ రూ.79,900 దగ్గరే మొదలయ్యాయి. ఇంటికి రాగానే నా ఫోన్ ఛార్జింగులోకి పోతుంది, ట్యాబ్ చేతిలోకి వస్తుంది. అలాంటప్పుడు మొదటి మూడింటికీ పెట్టిన డబ్బు సాయంత్రం నుంచి గోడ పక్కన పడుకుంటుంది. పైగా ఈ ఐప్యాడ్‌లో ఉన్న ఏ13 చిప్ 2019 నాటి ఐఫోన్ 11లోదే. ఐప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో 2025లో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 26 కూడా దీనికి అందింది. నా పనికి ఇంతకంటే వేగం అక్కర్లేదు.

సరే, ట్యాబ్ చేయలేనిది ఏమిటి? అన్నిటికంటే ముందు యూపీఐ. ఖాతా కలిపేటప్పుడు యాప్ మన సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపుతుంది. ఆ నంబరు, ఆ పరికరం, ఆ బ్యాంకు ఖాతా మూడూ మనవేనని అలా ముడేస్తారు. ఐప్యాడ్ తనంతట తాను సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పంపలేదు. సిమ్ వేసుకునే రకం కొన్నా అంతే, అందులో సిమ్ డేటాకి మాత్రమే పనికొస్తుంది. అంటే ఐప్యాడ్ ఎంత గొప్పదైనా కూరగాయల బండి దగ్గర డబ్బులిచ్చేది ఫోనే. ట్యాబ్ ఉన్నవాళ్లకి ఫోన్ అంటే ముందుగా పర్సు, ఆ తర్వాతే మిగతావన్నీ.

4 జీబీ ర్యామ్ గుట్టు బయటపడేదీ అక్కడే. కొత్తలో బాగానే ఉంది. ఏడాది దాటి, అప్‌డేట్లు పడి, యాప్‌లు బరువెక్కాక కిరాణా కొట్టులో స్కాన్ చేద్దామని యాప్ తెరిస్తే తెల్ల తెర అలా నిలబడిపోతుంది. వెనక నలుగురు. షాపాయన "సిగ్నల్ లేదా అన్నా?" అంటాడు. సిగ్నల్ నిండుగానే ఉంటుంది. వీడియోలు ఆగినా నాకేం టెన్షన్ ఉండదు, వాటికి ట్యాబ్ ఉంది. డబ్బు కట్టే చోట ఆగితేనే చిరాకు. 6 జీబీ రకానికి అప్పట్లో తేడా పదిహేను వందలో ఏమో. ఫోన్‌లో ఇంకేది తగ్గించుకున్నా ఇది మాత్రం తగ్గించుకోవద్దు.

రెండోది హాట్‌స్పాట్, అంటే ఫోన్‌లోని నెట్‌ని ట్యాబ్‌కి పంచడం. వైఫై ట్యాబ్ గడప దాటితే ఫోన్ మీదే బతకాలి. హనుమకొండ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు కాజీపేటలో రైలెక్కి హాట్‌స్పాట్ పెట్టుకుని దిద్దుకుంటూ పోతాను. ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా గబగబా దిగుతుంది. ఇలాంటి వాడకానికి 6000 ఎంఏహెచ్ నిలబడినట్టు సన్నటి ఖరీదైన ఫోన్లు నిలబడవు. మా బావగారి ఫోన్ నా దానికి ఐదింతల ఖరీదు. నాతోపాటు వచ్చిన ప్రతిసారీ సికింద్రాబాద్ చేరేలోపు నా పవర్ బ్యాంకు అడుగుతారు. దారి చూసుకోవడమూ ఫోన్ పనే, వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ లేదు.

ఆండ్రాయిడ్ ఫోన్, ఐప్యాడ్ కలిపి కాపురం చేయించడంలో తగువులు లేకపోలేదు. ట్యాబ్‌లో ఏదైనా బుక్ చేస్తుంటే ఓటీపీ ఫోన్‌కి వస్తుంది, చూసి కొట్టుకోవాలి. ఐఫోన్ ఉంటే దానంతటదే ఐప్యాడ్‌లో కనబడేది. ఫోన్‌లో తీసిన ఫోటో ట్యాబ్‌లోకి రావాలంటే గూగుల్ ఫోటోస్ చుట్టూ తిరగాలి. ఛార్జింగ్ వైర్లు రెండు రకాలు మోయాలి. వాట్సాప్ గొడవ మాత్రం తీరింది. 2025 మే నెలలో ఐప్యాడ్‌కి విడిగా యాప్ వచ్చింది, అంతకుముందు బ్రౌజర్లో తెరుచుకోవాల్సి వచ్చేది. మిగిలిన ఈ చిన్న చిన్న తలనొప్పులు పోగొట్టుకోవడానికి అరవై వేలు అదనంగా పెట్టాలా అంటే నేనైతే పెట్టను. ఓటీపీ ఆరంకెలు కొట్టడానికి ఎంతసేపు?

కెమెరా దగ్గర మాత్రం వాదన లేదు. బతుకమ్మకి వేయిస్తంభాల గుడి దగ్గర ఎంత సందడో తెలిసిందే. రాత్రి దీపాల వెలుగులో ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ ఆడుతుంటే నా ఫోన్‌తో తీసిన ఫోటోల్లో చీరల రంగులు ఉంటాయి గానీ ముఖాలు ఉండవు, అలికేసినట్టు వస్తాయి. అట్ట మీద 50 మెగాపిక్సెల్ అని రాసుంటుంది, పక్కన ఇంకో రెండు లెన్సులు అలంకారానికి. చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా చూసే ఓఐఎస్ ఈ ధరలో అరుదు. ట్యాబ్ వెనక కెమెరా 8 మెగాపిక్సెల్, ఫ్లాష్ కూడా లేదు, కాగితాలు స్కాన్ చేయడానికి చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఒక్క కారణం సరిపోతుంది. పరిగెత్తే పిల్లని చవక ఫోన్ పట్టుకోలేదు, ఆ వయసు మళ్లీ రాదు.

ఖరీదైన ఫోన్ల వైపు ఇంకో న్యాయమైన మాట ఉంది, సెక్యూరిటీ అప్‌డేట్లు. శాంసంగ్ వాళ్లు గెలాక్సీ ఎస్24 నుంచి, గూగుల్ వాళ్లు పిక్సెల్ 8 నుంచి ఏడేళ్లు ఇస్తామంటున్నారు. పర్సుగా వాడే ఫోన్‌కి ఇది చిన్న విషయం కాదు. కానీ లెక్క వేసుకోండి. ఎనభై వేల ఫోన్ ఏడేళ్లు వాడితే ఏడాదికి పదకొండు వేల పైచిలుకు. పదిహేను వేల ఫోన్ నాలుగేళ్లకే పక్కన పెట్టినా ఏడాదికి నాలుగు వేల లోపే. జేబులోంచి జారి బస్సు మెట్ల మీద పడితే గుండె ఆగదు కూడా. చవక ఫోన్లలో నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చేవీ ఉన్నాయి, కొనేముందు అడగండి. షాపువాళ్లు తమంతట తాము చెప్పరు, 120 హెర్ట్జ్ తెర గురించి మాత్రం పావుగంట చెబుతారు.

మళ్లీ కొంటే పద్దెనిమిది, ఇరవై వేల మధ్య చూస్తాను. 8 జీబీ ర్యామ్, పెద్ద బ్యాటరీ, తడి వేలితో కూడా తెరుచుకునే వేలిముద్ర సెన్సర్, మా వీధిలో 5జీ సిగ్నల్ బాగా పట్టడం. తెర ఎలా ఉన్నా ఫర్వాలేదు.

మా చెల్లెలి లెక్క మాత్రం దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఆమె ఇంట్లోంచి చీరల వ్యాపారం చేస్తుంది. చీర అసలు రంగు వీడియోలో తేడా వస్తే కస్టమర్లు వెనక్కి పంపేస్తారు. అందుకని వాయిదాల మీద ఖరీదైన ఫోన్ తీసుకుంది, ఏడాది తిరక్కుండానే ఆ డబ్బు రాబట్టింది. ఆమె ట్యాబ్ పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి పోయింది. నా మాట విని పదిహేను వేల ఫోన్ కొనుంటే నన్ను తిట్టేది.