ఆ కోలిక్ చుక్కల మందు కొన్నవాళ్ళు ముందు సీసా మీది స్టిక్కర్ పీకి చూడండి

పసిపిల్లల కడుపునొప్పికి 'నూరు శాతం సహజం' అంటూ ఆన్‌లైన్‌లో ఒక పేజీలో అమ్మే చుక్కల మందు గురించే చెప్తున్నా. నవ్వుతున్న బాబు, పచ్చ మూత సీసా. ఇంట్లో చంటిపిల్లలున్న వాళ్ళందరికీ ఆ ప్రకటన కనిపించే ఉంటుంది. దయచేసి కొనకండి.

మా పాపకి నెల దాటింది. సాయంత్రమైతే చాలు, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని గంటల తరబడి ఒకటే ఏడుపు. కోలిక్ అన్నారు. ఎవరికీ నిద్ర లేదు, ఆర్డర్ పెట్టేశాం. పేజీలో రాసింది సోంపు సారం, నీళ్ళు, అంతే.

సీసా మీద పదార్థాల జాబితా ఉండాల్సిన చోట వాళ్ళ లోగో స్టిక్కర్ ఉంది. తడి తగిలి దాని మూల లేచింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకా వేస్తూనే ఉండేదాన్ని. గోరుతో గీకితే కింద అసలు జాబితా: చక్కెర పాకం, అనాసపువ్వు సారం, తేనె. తేనె! ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకూడదని, బోటులిజం (కండరాలు చచ్చుబడిపోయే జబ్బు) తెచ్చే బ్యాక్టీరియా అందులో ఉండొచ్చని ఏ పిల్లల డాక్టరైనా చెప్తారు. అనాసపువ్వుదీ చిన్న విషయం కాదు. అచ్చం అలాగే ఉండే జపాన్ రకం ఒకటుంది, అది విషం. రెండూ కలిసిపోతే చూసి తేడా పట్టుకోలేం. అనాసపువ్వు టీ పట్టిన పసివాళ్ళకి ఫిట్స్ వచ్చాయని అమెరికాలో ఆహారం, మందులపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2003లోనే హెచ్చరించింది.

ఫోటో తీసి ఆ పేజీవాళ్ళకి పంపి అడిగాను. "అది పాత లేబుల్ మేడమ్. అయినా తేనె కూడా సహజమే కదా" అన్నారు. లేబుల్ పాతదైతే లోపలి మందు కొత్తదా అని అడిగాను. దానికి జవాబు లేదు. కాసేపటికి ఇది వచ్చింది: "ప్రాబ్లం మా మందులో లేదు, మీ పాలల్లో ఉంది. ముందు మీరేం తింటున్నారో చూసుకోండి. డైట్ చార్ట్ పంపిస్తాం, దానికి పేమెంట్ వేరే."

పాపకి పాలిస్తూ చదివానా మెసేజ్. చెయ్యి వణికింది. నా పాలు విషమట, వాళ్ళ సీసా అమృతమట! తిరిగి ఏదో టైప్ చేసేలోపే బ్లాక్ చేశారు. పేజీలో నేను పెట్టిన రివ్యూ కూడా మాయం.

ఆ చార్ట్ నమూనా పేజీలోనే ఉంది. పాలు వద్దు, పప్పులు వద్దు, ఆకుకూరలు వద్దు, పండ్లు వద్దు. ఇక బాలింత గాలి పీల్చి బతకాలి కాబోలు. మా డాక్టర్‌కి చూపిస్తే తల పట్టుకున్నారు. కొందరు పిల్లలకి ఆవుపాల ప్రోటీన్ పడదు, ఆ అనుమానం ఉంటే తల్లిని పాల పదార్థాలు కొన్నాళ్ళు మానమంటారు, తేడా కనిపించకపోతే మళ్ళీ తినమంటారు. అంతేగానీ అన్నీ ఒకేసారి మానేయమని ఎవరూ చెప్పరట.

ఇంకో తెలివి చూడండి. '3 నెలల కోర్సు, తగ్గకపోతే డబ్బు వాపస్.' కోలిక్ పుట్టిన 2, 3 వారాలకి మొదలై, 6వ వారం దగ్గర బాగా ముదిరి, 3, 4 నెలలకి మందు వేసినా వేయకపోయినా దానంతటదే తగ్గిపోతుంది. ఇక వాపస్ ఇవ్వాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది? ఐదు స్టార్ల రివ్యూలన్నీ ఆ లెక్కలోవే. నేను అడిగితే మాత్రం సీల్ తీసిన సీసాకి రిఫండ్ లేదన్నారు.

పాప ఇప్పటికైతే బాగానే ఉంది. మలబద్ధకం వచ్చినా, పాలు సరిగా చీకకపోయినా, ఏడుపు నీరసంగా వినిపించినా, మెడ వాలిపోతున్నట్టున్నా అవి బోటులిజం లక్షణాలు కావొచ్చు, వెంటనే తీసుకురమ్మన్నారు డాక్టర్. ఈ మందు వేసినవాళ్ళు మీరూ గమనించుకోండి.

ఏ చుక్కలైనా సరే, డాక్టర్‌కి జాబితా చూపించాకే వేయండి. జ్వరం, ఆకుపచ్చ రంగు వాంతి, విరేచనంలో రక్తం ఉంటే కోలిక్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. స్క్రీన్‌షాట్‌లు దాచాను, కావాల్సినవాళ్ళు అడగండి.