సైడ్ ప్రాజెక్ట్‌కి ఏది మేలు? యాపా, వెబ్ పేజీనా, బాటా?

ఈ మధ్య ఏ జూనియర్ కలిసినా ఇదే అడుగుతున్నారు. "అన్నా, సొంతంగా ఏదన్నా ఒకటి చేద్దామనుకుంటున్నా, యాప్ చేయాల్నా, వెబ్‌సైట్ చేయాల్నా, టెలిగ్రామ్ బాట్ సరిపోతుందా?" బాట్ అంటే మనం మెసేజ్ పెడితే తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడుగుతారు, బెంగళూరులో ఉద్యోగం చేస్తా శనాదివారాలు ఇంటికొచ్చే మా బ్యాచ్ వాళ్ళూ అడుగుతారు. ఏ లాంగ్వేజ్, ఏ ఫ్రేమ్‌వర్క్ అంటే మీకు చేతికి అలవాటైందే వాడుకోండి, దాని మీద కొట్లాట నాకొద్దు. నేను చూసేది ఒకటే. ఆఫీసులో రిలీజ్ నెత్తి మీద ఉండి, ఇంట్లో చెల్లెలి పెళ్ళి ఉండి, ఆరు నెలలు మీరు దాని మొహం కూడా చూడకపోతే ఆ ప్రాజెక్ట్ బతికుంటుందా, పోతుందా?

నా సైడ్ ప్రాజెక్ట్ మామిడి లెక్క. తోతాపురి తోటలున్న ఇళ్ళల్లో పుట్టినోళ్ళకి చెప్పక్కర్లేదు, కాయ మండీకో పల్ప్ ఫ్యాక్టరీకో తోలినాక చేతికి ఎంతొస్తుందనేది ఎప్పుడూ కాటా చీటీ వెనకాల పెన్నుతో రాసుకునే లెక్కే. ఉదాహరణకి చీటీలో 5,000 కిలోలు ఉందనుకోండి, నూటికి 5 తరుగు తీస్తే 4,750, కిలో 8 రూపాయలైతే 38,000, అందులో కోత కూలి 6,000, ట్రాక్టర్ బాడుగ 2,500 పోతే మిగిలేది 29,500. నేను చేసింది ఇంతే, ఐదు గడులు, కింద ఒక మొత్తం. 2025లో ఇంకో గడి వచ్చి చేరింది, ఆ ఏడు ధర పడిపోయి ఫ్యాక్టరీలు కిలోకి 8, ప్రభుత్వం 4, మొత్తం 12 అని ప్రకటించారు కదా, నేను రెండూ కలిపి ఒకే అంకె చూపిద్దామంటే మా చిన్నాయన ఒప్పుకోలా. "రాని దుడ్లు ఇప్పుడే కలుపుకుంటే ఎట్లరా, అది పక్కన వేరేగా రాయి" అన్నాడు. నిజమే, సబ్సిడీ అనేది తర్వాత ఎప్పుడో అకౌంట్లో పడాల్సింది, కూలోళ్ళకి ఆ సాయంత్రమే ఇవ్వాల.

ఇప్పుడు అసలు సంగతి. ఈ లెక్క జూన్, జూలైలో పనికొస్తుంది, ఆ తర్వాత మళ్ళీ ఎండాకాలం దాకా ఎవరూ తెరవరు, నేను కూడా తెరవను. అంటే పది నెలలు పడుకుని, సీజన్ మొదలైన రోజు ఎవరూ తట్టకుండానే లేచి పనిచేయాల. మీ ప్రాజెక్ట్ సీజన్‌ది కాకపోయినా సరే ఈ పరీక్ష పెట్టి చూడండి, మన ఖాళీ టైములకి కూడా సీజన్లే ఉంటాయి.

ఆండ్రాయిడ్ యాప్‌తో మొదలుపెడదాం, అందరికీ మోజు దాని మీదే కాబట్టి. ప్లే స్టోర్ అకౌంట్‌కి ఒక్కసారి 25 డాలర్లు, అది పెద్ద విషయం కాదు. 2023 నవంబర్ 13 తర్వాత తీసుకున్న పర్సనల్ అకౌంట్ అయితే మాత్రం యాప్ బయటికి వదిలే ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో, అంటే మనం పిలిచినోళ్ళు మాత్రమే వాడి చూసే పరీక్షలో ఉండాలి, మొదట్లో 20 మంది అన్నారు, తర్వాత తగ్గించారు. హాస్టల్లో ఉండే పిల్లలకి ఇది ఒక సాయంత్రం పని, రూమ్ రూమ్ తిరిగితే అయిపోతుంది. ఊళ్ళో రైతులతో చేయించాలంటే చూడండి, "జీమెయిల్ ఏది మామా" అని అడిగితే "అది మా వాడికి తెలుసు, వాడు చెన్నైలో ఉండాడు" అంటారు.

అదంతా మొదట్లో పడే తంటా, పడొచ్చు. నన్ను ఆపింది ఏటా వచ్చే తంటా. ప్లే స్టోర్‌లో టార్గెట్ ఏపీఐ అని, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు చేశామో చెప్పే నంబర్, దానికి ఒక గడువు ఉంది, ప్రతి ఏడూ ఆగస్టు ఆఖరుకి అది పైకి జరుగుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్ పెట్టాలన్నా, ఉన్నదానికి అప్‌డేట్ ఇవ్వాలన్నా ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేయాలన్నారు. మీరు పట్టించుకోకుండా మరీ పాతబడనిస్తే, కొత్త ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లో కొత్తగా వెతికేవాళ్ళకి మీ యాప్ కనపడదు. సరే ఒక్క నంబర్ మార్చేస్తే పోలా అనుకుంటారు, ఆ నంబర్ మారిస్తే గ్రాడిల్, అదే కోడ్‌ని యాప్‌గా కట్టే టూల్, దాన్ని మార్చమంటుంది, గ్రాడిల్ మారిస్తే ఏదో ప్లగిన్ పాతదంటుంది, ఆ ప్లగిన్ రాసినాయన ఎప్పుడో దాన్ని వదిలేసి ఉంటాడు, ఆ ఆదివారం అట్లా పోతుంది. యాప్ పెట్టుకోవడం ఇంట్లో పాడావును కట్టేసుకున్నట్టే, రెండ్రోజులు ఊరికి పోవాలన్నా దాని సంగతి చూసి పోవాల.

స్టోర్ ఎందుకు, ఏపీకే ఫైల్, అంటే నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అయ్యే ఫైల్, వాట్సాప్‌లో పంపిస్తే సరిపోదా అంటారు కొందరు. వద్దు. పీఎం కిసాన్ పేరుతో వచ్చిన దొంగ ఏపీకేలు నొక్కి డబ్బులు పోగొట్టుకున్నోళ్ళ వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం, అట్లాంటప్పుడు మనమే "ఈ ఫైల్ నొక్కు చిన్నాయనా" అని అలవాటు చేయడం మంచిది కాదు. ఐఫోన్ యాప్ అయితే ఏటా 99 డాలర్లు, మామిడి లెక్కకి అంత సీన్ లేదు.

బాట్లు. టెలిగ్రామ్‌లో కొత్త బాట్లకి పేరు పెట్టిచ్చే బాట్‌ఫాదర్ దగ్గర టోకెన్, అంటే తాళంచెవి లాంటి కోడ్ తీసుకుంటే అరగంటలో బాట్ మాట్లాడుతుంది, రూపాయి ఖర్చు లేదు, మీకు మీరే అలర్ట్‌లు పంపుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ వెనకాల మీ కోడ్ ఎక్కడో నడుస్తానే ఉండాలి, ఆగిందంటే వచ్చిన మెసేజ్‌లు 24 గంటలు మాత్రమే దాచి ఉంచుతారు. పైగా మా వైపు పల్లెల్లో టెలిగ్రామ్ అంటే సినిమాలు దింపుకునేదని పేరు. వాట్సాప్ బాట్ అయితే అందరికీ అందుతుంది, అఫీషియల్ దారిలో పోతే బిజినెస్ అకౌంట్, మెసేజ్ టెంప్లేట్లకి అనుమతులు, అడ్డదారిలో పోతే నంబర్ బ్యాన్. నేను అటు పోలేదు.

ఇంక వెబ్. ఇందులో రెండు రకాలు, వెనకాల సర్వర్ నడవాల్సిన సైట్ ఒకటి, ఉన్న ఫైల్‌ని ఉన్నట్టు చూపించే స్టాటిక్ పేజీ ఇంకోటి, జనం రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. సర్వర్, డేటాబేస్ ఉన్న సైట్ అయితే ఫ్రీ హోస్టింగ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. హెరోకూ అని మన కోడ్‌ని నడిపిపెట్టే సర్వీస్ ఉంది, దాని ఫ్రీ ప్లాన్ 2022 నవంబర్‌లో ఎత్తేశారు. అట్లాంటిదే రెండర్, దాని ఫ్రీ సర్వీస్ 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది, లేవడానికి టైమ్ పడుతుంది, మీ రెజ్యూమేలో లింక్ నొక్కిన ఇంటర్వ్యూ చేసేవాళ్ళు అంతసేపు ఆగరు. డేటాబేస్ ఇచ్చే సూపాబేస్‌లో ఫ్రీ ప్రాజెక్ట్ వారం రోజులు కదలిక లేకపోతే పాజ్ అవుతుంది. వారానికే అట్లా అయితే మన పది నెలల సంగతి ఏంది?

అందుకే నేను స్టాటిక్ పేజీ పెట్టా. ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్, అందులోనే జావాస్క్రిప్ట్, ఫైల్ పెడితే సైట్‌గా చూపించే గిట్‌హబ్ పేజెస్‌లో పడేశా. బిల్డ్ చేసే పని లేదు, వేరేవాళ్ళ కోడ్ మీద డిపెండెన్సీ లేదు, లాగిన్ లేదు. చీటీల లెక్కలు ఆ ఫోన్ బ్రౌజర్లోనే ఉంటాయి, నా దగ్గరికి ఏమీ రావు, కాబట్టి ఎవరి డేటాకో నేను కాపలా కాయాల్సిన పని లేదు. పేజీని ఫోన్లోనే దాచిపెట్టే చిన్న సర్వీస్ వర్కర్ స్క్రిప్ట్ కూడా రాశా, ఒకసారి తెరిచిన ఫోన్లో తోటలో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. మార్కెట్ రేటు దానంతటదే వచ్చేట్టు పెట్టమని చాలామంది అడిగారు, మార్కెట్ యార్డుల ధరలు పెట్టే ప్రభుత్వ సైట్ అగ్‌మార్క్‌నెట్ లాంటి చోట్ల నుంచి తెచ్చుకోవచ్చు గానీ వాళ్ళు సైట్ ఒకసారి మార్చారంటే నా పేజీలో తప్పుడు రేటు కూర్చుంటుంది, తప్పు రేటు కన్నా ఖాళీ గడి నయం. కాటా దగ్గర నిలబడినోడికి ఆ రోజు రేటు నాకన్నా బాగా తెలుసు.

లోటు లేదని కాదు. బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే పాత చీటీలు పోతాయి, "వాట్సాప్‌కి పంపు" అని ఒక బటన్ పెట్టి సరిపెట్టా. బ్యాక్‌గ్రౌండ్‌లో లొకేషన్, టైమ్‌కి మోగే అలారం లాంటివి కావాలంటే యాపే చేయాలి, వేరే దారి లేదు. ఆండ్రాయిడ్ ఉద్యోగం కోసం చూసే పిల్లలైతే ఇదంతా పక్కనపెట్టి యాపే చేయండి, ఆ ఏటేటా తంటా పడటమే రేపు ఆఫీసులో మీ పని కాబట్టి. ప్లే స్టోర్ లింక్ చూపిస్తే వచ్చే మర్యాద కూడా వేరే.

రెండూ కావాలి అనేవాళ్ళకి ఒక దారి ఉంది, వెబ్ పేజీనే ట్రస్టెడ్ వెబ్ యాక్టివిటీ అనే తొడుగులో పెట్టి ప్లే స్టోర్‌కి ఎక్కించొచ్చు, లోపలి సరుకు మీ సైట్ నుంచే వస్తుంది. ఆ తొడుగుకి కూడా ఆగస్టు గడువు తప్పదు, 12 మంది టెస్టర్లూ తప్పరు. మా చిన్నాయన వాళ్ళు ఇంతవరకు స్టోర్‌లో ఉందా అని అడగలేదు, అడిగిన రోజు చూద్దాం.